చెన్నైలో అమ్మకు దగ్గరగా నాలుగు నెలలు: యోగా, ధ్యానం కోసం వచ్చేవాళ్ళకు

విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ళలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది, ఒక్కసారైనా మూడు నాలుగు నెలలు వెళ్ళి అమ్మానాన్నలకు దగ్గరగా ఉంటూ, హడావిడి లేకుండా యోగా, ధ్యానం చేసుకుని రావాలని. ఈ మధ్య నన్ను ముగ్గురు అడిగారు, ఎలా చేశావు, ఎక్కడ ఉన్నావు, ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా అని. ముగ్గురికీ ఫోన్లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబం. అమ్మ మందవెళిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను డాలస్ వెళ్ళి 19 ఏళ్ళయింది. ఇలా రెండుసార్లు వచ్చాను. మొదటిసారి అస్సలు కుదరలేదు, రెండోసారి నేను అనుకున్నదానికంటే బాగా కుదిరింది, ఆ రెండిటికీ తేడా గురువుల్లోనో ఆసనాల్లోనో లేదు, ఎక్కడ దిగాను, ఇంటివాళ్ళతో ముందే ఏం మాట్లాడుకున్నాను అన్నదాంట్లోనే ఉంది. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను.

ఇంట్లో కాదు, ఇంటికి దగ్గర్లో

మొదటిసారి నేరుగా అమ్మ దగ్గరే దిగాను. సొంత ఇల్లుండగా వేరే చోట ఉండటమేమిటి అనుకున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకు హాల్లో చాప వేసుకుని కూర్చుంటే, నాకు ఇబ్బంది కాకూడదని అమ్మ లైటు కూడా వెయ్యకుండా చీకట్లో పాలు కాచేది. అది తెలిసి కళ్ళు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. ఆరింటికి తమ్ముడి పిల్లలు అదే హాల్లో స్కూలుకు తయారయ్యేవాళ్ళు. పదింటికి పిన్ని వచ్చేది, తాంబరం నుంచి రెండు బస్సులు మారి, నన్ను చూడటానికే. అంత దూరం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ‘నేను ధ్యానానికి వెళ్ళాలి పిన్నీ’ అని గదిలోకి వెళ్ళే మనసు ఎవరికుంటుంది? మూడో వారానికి చాప చుట్టి బీరువా పక్కన పెట్టేశాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏళ్ళ తర్వాత వచ్చిన పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించాలనుకోవడం వాళ్ళ ప్రేమ, దాన్ని కాదనాలని నాకూ లేదు.

రెండోసారి అమ్మ ఇంటికి నడిచి పది నిమిషాల దూరంలో చిన్న ఫ్లాట్ తీసుకున్నాను. పది నిమిషాలు అన్నది ఊరికే చెప్పడం లేదు. అంతకంటే దూరమైతే, అంటే ఆటో ఎక్కాల్సి వస్తే, చెన్నై ఎండలో రోజూ వెళ్ళడం వారానికి రెండుసార్లకు పడిపోతుంది, ‘ఇంత దూరం వచ్చి కూడా అక్కడెక్కడో ఉంటోంది’ అనే బాధ అమ్మకు మిగిలిపోతుంది. మరీ పక్క వాటాలోనే ఉంటే ఇంట్లో ఉన్నట్టే లెక్క, పూటకు నాలుగుసార్లు తలుపు కొడతారు. నడిచి వెళ్ళగలిగేంత దూరం, పిలిస్తే వినపడనంత దూరం, అదీ కొలత.

ఇక్కడ ఇళ్ళు మామూలుగా 11 నెలల అగ్రిమెంటు మీద, అడ్వాన్స్ తీసుకుని ఇస్తారు. నాలుగు నెలలకంటే ఓనర్లు పెద్దగా ఒప్పుకోరు. అందుకని రెండు దారులు. ఒకటి సర్వీస్ అపార్ట్‌మెంట్, ఖర్చు ఎక్కువ, కానీ సామానుంటుంది, గొడవ లేదు. రెండోది మనలాగే బయట దేశాల్లో ఉన్నవాళ్ళ ఫ్లాట్లు, మైలాపూర్, మందవెళి, రాజా అన్నామలైపురం, అడయార్, తిరువాన్మియూర్ వైపు తాళం వేసి ఉన్నవి ఎన్నో. బంధువుల ద్వారా, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల ద్వారా, గుడి దగ్గర పరిచయమున్నవాళ్ళ ద్వారా అడిగితే దొరుకుతాయి, నాకు అమ్మ కూరగాయలు కొనే ఆవిడ చెబితే దొరికింది. మైలాపూర్ వైపు చాలామంది ఓనర్లు ముందే వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి. మీది విదేశీ పాస్‌పోర్ట్ అయితే అద్దెకిచ్చేవాళ్ళు మీ వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉంటుంది, ఆ సంగతి వాళ్ళకు తెలుసో లేదో మొదటే మాట్లాడుకోండి.

ఫ్లాట్ చూడటానికి మధ్యాహ్నం వెళ్ళకండి. మధ్యాహ్నం చెన్నైలో ప్రతి వీధీ నిశ్శబ్దంగానే ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి ఆ వీధిలో నిలబడి వినండి. పక్కన ఇల్లు కడుతున్నారా, కల్యాణ మండపం ఉందా, నీళ్ళ లారీ ఏ టైముకు వస్తుంది, వెనక హోటల్ వంటగది ఫ్యాను మీ కిటికీలోకే ఉందా, ఇవి చూసుకోవాలి. గుడి మైకు మాత్రం ఎక్కడికెళ్ళినా ఉంటుంది. మొదట్లో నాకు విసుగొచ్చేది. పది రోజులకు అది నా గడియారమైంది, పాశురాలు మొదలైతే లేవాలి, హారతి గంట కొడితే ప్రాణాయామం ఆపాలి.

ఎప్పుడు రావాలి

నా మాట వింటే డిసెంబరు మధ్యలో వచ్చి మార్చి చివరికి వెళ్ళండి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వీధుల్లో నీళ్ళు, దోమలు. ఏప్రిల్ నుంచి ఎండలు, మే నెలలో కత్తిరి, అంటే ఏడాదిలో అన్నిటికంటే మండే రోజులు, వచ్చిందంటే ఉదయం ఏడింటికే చెమట పడుతుంది, ఆసనాలు సాగవు. జనవరి తెల్లవారుజామున మాత్రం పల్చటి దుప్పటి కప్పుకుని కూర్చునేంత చల్లగా ఉంటుంది.

కానీ వాతావరణం కంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ధనుర్మాసంలో పెళ్ళి ముహూర్తాలుండవు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా శూన్యమాసమే, పుష్యం కూడా దాటి మాఘం వచ్చేదాకా శుభలేఖలు పెద్దగా రావు. అంటే వచ్చీరాగానే పట్టుచీరలు కట్టుకుని మండపాల చుట్టూ తిరగాల్సిన పని లేకుండా, సాధన గట్టిపడటానికి మొదటి ఐదారు వారాలు మీ చేతిలో ఉంటాయి. పైగా ఆ నెలంతా ఊరే తెల్లవారుజామున లేస్తుంది. నాలుగున్నరకు మైలాపూర్ వీధుల్లో ముగ్గులు పెడుతుంటారు, భజనలు నడుస్తుంటాయి, ఐదింటికి లేచే మనిషిని ఎవరూ వింతగా చూడరు. సాయంత్రాలు సంగీత సభల్లో కచేరీలుంటాయి, ఇష్టమున్నవాళ్ళు వారానికి ఒకటో రెండో వినొచ్చు, రోజూ వెళ్తే రాత్రి నిద్ర ఆలస్యమై పొద్దున సాధన పోతుంది.

భోగి రోజు జాగ్రత్త. ఆ తెల్లవారుజామున ఊరంతా పాతసామాను తగలబెడతారు, మంచుతో కలిసి పొగ దట్టంగా కమ్ముకుంటుంది, కొన్నేళ్ళు విమానాలే ఆలస్యమయ్యాయి. ఆ రోజు కిటికీలు మూసి ఆసనాలు మెల్లగా చేసుకోండి, ప్రాణాయామం వదిలెయ్యండి.

కాగితాలు, డబ్బు

ఇది త్వరగా చెప్పేస్తాను. ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే కార్డు) ఉన్నవాళ్ళకు ఎన్ని నెలలున్నా పోలీసు రిజిస్ట్రేషన్ అవసరం లేదు, కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని ఉంటే ఆ వివరాలు ఓసీఐ సైట్లో ఎక్కించారో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చే భర్త, భార్య లేదా స్నేహితులు తక్కువకాలం యోగా శిక్షణకు వెళ్ళొచ్చు, కానీ ఎన్ని రోజులు ఉండొచ్చన్నదానికి పరిమితి ఉంటుంది, అది వీసా సైట్లో చూసుకోండి. గ్రీన్ కార్డు వాళ్ళు ఆరు నెలలు దాటనివ్వకండి, తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలొస్తాయి. ఇండియాలో ఆదాయం ఉన్నవాళ్ళు రోజులు లెక్కపెట్టుకోవాలి, ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పన్ను విషయంలో ఇక్కడి నివాసిగా లెక్కేస్తారు, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్ళకు 120 రోజుల నుంచే లెక్క మారొచ్చు, ఆడిటర్‌ని అడగండి. కొన్ని దేశాల ఫోన్ నంబర్లతోనే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాకు (ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాలు) యూపీఐ పెట్టుకోవచ్చు, అమెరికా అందులో ఉంది. ఇది ముందే చేసుకుంటే కొబ్బరిబోండం దగ్గర్నుంచి ఆటో దాకా చిల్లర బాధ ఉండదు. రోజూ వేసుకునే మందులు నాలుగు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోండి.

ఇంటివాళ్ళకు ఎలా చెప్పాలి

అన్నిటికంటే కష్టమైనది ఇదే, దీన్ని టికెట్ కొనకముందే చెయ్యాలి.

ఒంటరిగా నాలుగు నెలలు ధ్యానానికి వస్తున్నానని చెబితే పెద్దవాళ్ళ మనసులో మొదట మెదిలేది రెండే. ఒకటి, భార్యాభర్తల మధ్య ఏదో అయింది. రెండు, ఈ పిల్ల సన్యాసం పుచ్చుకుంటుందేమో. మా అమ్మ పైకి ఏమీ అనకుండా మూడు రోజులు ఊరుకుని నాలుగో రోజు ‘ఏమ్మా, అల్లుడికీ నీకూ ఏమన్నా మాటా మాటా వచ్చిందా’ అని అడిగింది, ఆ మూడు రోజులూ ఆవిడ సరిగా నిద్రపోలేదని తర్వాత మరదలు చెప్పింది. అది మొదటిసారి. రెండోసారి మా ఆయనే ముందు ఫోన్ చేసి ‘అత్తయ్యగారూ, తను వస్తోంది, పొద్దున పూట సాధన చేసుకుంటుంది, నేను ఫిబ్రవరిలో పది రోజులు వచ్చి వెళ్తాను’ అని చెప్పారు. ఆ ఒక్క ఫోన్‌తో టెన్షన్ పోయింది. మగవాళ్ళు వచ్చినా అంతే, భార్య చేత అత్తగారికి ఫోన్ చేయించండి.

అత్తగారిల్లు వేరే ఊళ్ళో ఉంటే మొదట అక్కడికే వెళ్ళి వారం పది రోజులుండి, తర్వాత చెన్నై రండి. చివర్లో వెళ్దాంలే అనుకుంటే మధ్యలో పిలుపులు వస్తూనే ఉంటాయి, నాలుగు నెలలూ ముక్కలైపోతాయి.

ఇక టైముల సంగతి. ‘నాకు పని ఉంది, కుదరదు’ అని చెప్పకండి, ఎప్పుడు వస్తారో చెప్పండి. నేను అమ్మతో అన్నది ఇదీ: ‘రోజూ పదకొండు నుంచి నాలుగు దాకా నీ దగ్గరే ఉంటానమ్మా, అన్నం నీ చేత్తోనే తింటాను, ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా నీదే, ఉదయం ఎనిమిదిన్నర దాకా మాత్రం నా ఫోన్ మోగదు.’ చెప్పినట్టే వెళ్ళాను, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా. మనిషి ఎప్పుడు వస్తుందో గట్టిగా తెలిస్తే పెద్దవాళ్ళు మిగతా టైము అడగరు, ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడే పదిసార్లు ఫోన్ చేస్తారు. రెండు వారాల తర్వాత బంధువులు ఫోన్ చేస్తే అమ్మే ‘పదకొండు తర్వాత రండి, అప్పుడుంటుంది’ అని చెప్పడం మొదలుపెట్టింది. నా సాధనకు కాపలా అమ్మే కాసింది.

మాఘంలో పెళ్ళిళ్ళు వస్తాయి. మూడు పెళ్ళిళ్ళకు వెళ్ళండి, దగ్గరివాళ్ళవి. మిగతావాళ్ళ ఇంటికి ముందురోజే వెళ్ళి బొట్టు పెట్టించుకుని, చదివింపులు ఇచ్చి, అరగంట కూర్చుని రండి. పెళ్ళిలో జనం మధ్య కనపడి పోవడం కంటే అలా ఇంటికి వెళ్ళడాన్నే వాళ్ళు ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు.

ఎక్కడ నేర్చుకోవాలి

చెన్నైకి యోగా విషయంలో పెద్ద చరిత్రే ఉంది. యోగా గురువు తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) మైసూరు వదిలాక తన చివరి దశాబ్దాలు ఈ ఊళ్ళోనే గడిపారు. యోగాను విదేశాలకు తీసుకెళ్ళిన బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆయన కుమారుడు టి.కె.వి. దేశికాచార్ 1976లో తండ్రి పేరిట కృష్ణమాచార్య యోగ మందిరం స్థాపించారు, అది మందవెళిలోనే ఉంది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే ఆసనానికి మనిషి కాదు, మనిషికి తగ్గట్టు ఆసనం. వయసు, ఒంటి తీరు, చేసే పని, ఉన్న నొప్పులు చూసి, ఒక్కొక్కరికి విడిగా సాధన ఇస్తారు, ఊపిరితో కలిపి కదలడం మీదే దృష్టంతా. రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని మెడ, నడుము బిగిసిపోయి వచ్చే మన వయసువాళ్ళకు ఇలాంటి పద్ధతి నప్పుతుందని నా అభిప్రాయం. ఇక్కడనే కాదు, ఎక్కడికెళ్ళినా విడిగా చెప్పే గురువునే వెతకండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మొదటి రాకలో నేను ఒక స్టూడియోలో నలభై మంది మధ్య క్లాసుకు వెళ్ళాను, అక్కడి టీచర్ వెనకనుంచి వచ్చి నా భుజం నొక్కారు, నొప్పి ఎనిమిది నెలలు వదల్లేదు, డాలస్ వెళ్ళాక ఫిజియోథెరపీ చేయించుకోవాల్సి వచ్చింది. ముందే చెప్పండి, నన్ను చేత్తో తొయ్యొద్దు, మాటతో చెప్పండి చాలు అని. మంచి గురువు దానికి బాధపడరు. బీపీ ఉంటే ఊపిరి బిగబట్టే కుంభకం, గట్టిగా చేసే కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి వేగంగా వదలడం) వద్దు, హెర్నియా ఉన్నా, కడుపు ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాకపోయినా కపాలభాతి వద్దు, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ళు తలకిందులు ఆసనాల జోలికి పోవద్దు. ఇవన్నీ మొదటి రోజే గురువుకు చెప్పాలి, మీ డాక్టర్‌ని అడిగి రావాలి.

ధ్యానానికి పది రోజుల విపశ్యన (ఒంట్లో కలిగే అనుభూతులను ఊరికే గమనించే ధ్యానం) శిబిరం గురించి చాలామంది అడుగుతారు. విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా పరంపరలోని కేంద్రం ధమ్మ సేతు, తిరుముడివాక్కంలో ఉంది, విమానాశ్రయానికి మరీ దూరం కాదు. ఫీజు లేదు, శిబిరం పూర్తి చేసినవాళ్ళు మాత్రమే, ఇష్టమైతే, దానం ఇవ్వొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, ఆర్యమౌనం, అంటే మాటా సైగా లేని మౌనం, పాటించాలి, ఫోన్ అప్పగించాలి, పుస్తకం, పెన్ను ఉండకూడదు. మొదటి మూడు రోజులు ఆనాపాన, అంటే వచ్చేపోయే ఊపిరిని గమనించడమే, నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. కొత్తవాళ్ళకు సాయంత్రం టీ, పళ్ళు తప్ప రాత్రి భోజనం ఉండదు. ఇంకొకటి, ఆ పది రోజులూ ఆసనాలు కూడా చెయ్యనివ్వరు, నడవొచ్చు అంతే. రావడం, పోవడం కలిపి 12 రోజులు పెట్టుకోండి, సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ప్రయాణం ఖాయమవగానే దరఖాస్తు చేసుకోండి.

దిగిన వారానికే మాత్రం వెళ్ళొద్దు. ఇంట్లోవాళ్ళు కరువుతీరా చూసుకోకముందే పన్నెండు రోజులు మాయమైతే వాళ్ళకు బాధ, మీకూ లోపల అదే మెదులుతుంది. నేను ఆరో వారంలో వెళ్ళాను, అప్పటికి నడుము నిలబెట్టి గంటసేపు కూర్చోవడం అలవాటైంది. కేంద్రం ఆఫీసు నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళాను, అవసరమొస్తే వాళ్ళు కబురు అందిస్తారని అమ్మకు వివరంగా చెప్పాను. మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవాళ్ళు దరఖాస్తులో దాచకుండా రాయాలి. ఇది చాలా ముఖ్యం. అంత లోతైన మౌనం అందరికీ, అన్ని సమయాల్లోనూ మంచి చెయ్యదు.

ఏ పద్ధతీ నేర్చుకోకుండా ఊరికే నిశ్శబ్దంగా కూర్చోవాలన్నా ఈ ఊళ్ళో చోట్లున్నాయి. గ్రీన్‌వేస్ రోడ్డులో వసంత విహార్ ఉంది, మన మదనపల్లెలో 1895లో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మద్రాసు వచ్చినప్పుడు ఉన్న చోటు, ఆయన చివరి బహిరంగ ప్రసంగం 1986 జనవరి 4న అక్కడే చేశారు. ఇప్పుడు అక్కడ లైబ్రరీ ఉంది, చెట్లున్నాయి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. కాస్త దూరంలో దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) ఆవరణ, 1882 నుంచి వాళ్ళ ప్రధాన కేంద్రం అడయారే, పెద్ద మర్రిచెట్టు ఉన్నది అందులోనే, సందర్శకుల వేళలు కొద్దిసేపే కాబట్టి కనుక్కుని వెళ్ళండి. మైలాపూర్ రామకృష్ణ మఠం గుళ్ళో సాయంత్రం హారతి తర్వాత కూడా జనం కదలకుండా కూర్చుంటారు, అమ్మను తీసుకెళ్ళడానికి నాకు అన్నిటికంటే నచ్చిన చోటు అది.

నడకకు లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కని తెలిశాక నాకు ఆ చెట్ల కింద తిరగడం ఇంకా ఇష్టమైంది.

తిరువణ్ణామలై రమణాశ్రమానికి వెళ్ళాలనుకుంటే ముందుగా రాసి గది అడగండి, పౌర్ణమి రోజులు తప్పించండి, గిరిప్రదక్షిణకు లక్షల్లో జనం వస్తారు.

ఇన్ని పేర్లు చెప్పాను కదా అని అన్నిటికీ తిరగొద్దు. ఆసనాలకు ఒక గురువు, ధ్యానానికి ఒక పద్ధతి, నాలుగు నెలలకు అంతే చాలు.

రోజు ఎలా గడవాలి

అమెరికా నుంచి దిగాక మొదటి వారం రాత్రి రెండు మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఫోన్ తియ్యకండి. లేచి మొహం కడుక్కుని, దుప్పటి మడిచి దాని మీద కూర్చోండి, ఇరవై నిమిషాలు ఊపిరి గమనించి మళ్ళీ పడుకోండి. జెట్‌లాగ్ తగ్గేకొద్దీ మెలకువ నాలుగు, నాలుగున్నరకు జరుగుతుంది, దాన్ని అక్కడే పట్టుకోండి. తెల్లవారుజామున లేవడానికి నేను వేరే కష్టమేమీ పడలేదు, ఆ మొదటి వారమే నేర్పింది.

నా రోజు ఇలా ఉండేది. నాలుగున్నరకు లేవడం, గోరువెచ్చటి నీళ్ళు, ఐదు నుంచి ఆరు దాకా ధ్యానం, ఆరున్నరకు తెల్లవారుతుంది కాబట్టి కాస్త వెలుగొచ్చాక ఆసనాలు నలభై నిమిషాలు, ప్రాణాయామం పావుగంట, తర్వాత పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడం. ఈ పడుకోవడం ఎగ్గొట్టకండి, రోజంతా మాట మెత్తగా ఉండటం దీంట్లోంచే వస్తుందని నాకనిపించింది. ఎనిమిదింటికి ఇడ్లీ, కాఫీ. కాఫీ మానాలా అని అందరూ అడుగుతారు, మైలాపూర్‌లో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానమని నేను చెప్పను, సాధన అయ్యాక ఒక కప్పు తాగండి.

రబ్బరు మ్యాట్ ఈ ఉక్కపోతలో చేతుల కింద జారుతుంది. దాని మీద నూలు జంపఖానా పరుచుకోండి. తెల్లవారుజామున దోమలుంటాయి, పల్చటి నూలు పంచె భుజాల మీదుగా కప్పుకుంటే కదలకుండా కూర్చోగలరు. తాగడానికి క్యాన్ నీళ్ళు తెప్పించుకోండి.

తిండి దగ్గర అమ్మతో పేచీ వస్తుంది, వడ్డిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం అమ్మ ఇంట్లో కడుపునిండా తినేయండి, పప్పు, పులుసు, ఆవకాయ, గడ్డపెరుగు, ఏదీ వద్దనకండి. రాత్రి మాత్రం ఏడులోపు ఒక గిన్నె రసం అన్నమో రెండు ఇడ్లీలో తిని ఆపండి. పొద్దున సాధనకు కడుపు ఖాళీగా ఉండాలి, సాయంత్రం ఆసనాలు చేసేవాళ్ళయితే భోజనానికీ దానికీ మూడు నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇది వివరించి చెబితే అమ్మలకు అర్థమవుతుంది, ఉపవాసాలు చేసిన తరం వాళ్ళది, మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

మూడో నెలలో ఒక పది రోజులు అంతా చప్పగా ఉంటుంది. కూర్చుంటే నిద్ర వస్తుంది, లేదా ఎప్పుడో చిన్నప్పుడు నాన్న అన్న మాట గుర్తొచ్చి ఏడుపొస్తుంది. నాకు వచ్చింది. నాన్న పోయినప్పుడు నేను రాలేకపోయాను, ఆ దుఃఖం డాలస్‌లో ఎప్పుడూ బయటపడలేదు, మందవెళిలో ఒక తెల్లవారుజామున బయటపడింది. ఆ రోజు సాధన అక్కడే ఆపి, పదకొండు దాకా ఆగకుండా అమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాను. ఇంటికి దగ్గర్లో ఉండమని నేను చెప్పేది దీనికోసం కూడా. ఎక్కడో కొండ మీద ఆశ్రమంలో ఉండి ఉంటే ఆ పూట నాకు అమ్మ ఒడి దొరికేది కాదు.

తిరిగి వెళ్ళే ముందు

చివరి రెండు వారాలు కొత్తగా ఏమీ నేర్చుకోకండి. గురువుగారితో కూర్చుని, అక్కడికెళ్ళాక ఉద్యోగం చేసుకుంటూ రోజుకు ఎంతసేపు చెయ్యగలరో నిజాయితీగా చెప్పి, దానికి తగ్గ చిన్న సాధన ఒకటి కాగితం మీద రాయించుకోండి. నేను గంటన్నర చేస్తానన్నాను, ఆవిడ నలభై నిమిషాలదే రాసిచ్చారు, అదే నిలిచింది. నెలకొకసారి వీడియోలో చూస్తారేమో అడిగి పెట్టుకోండి.

అమ్మకు కుర్చీలో కూర్చుని ఊపిరి గమనించడం చివరి నెలలో నేర్పాను, బిగబట్టడాలేమీ లేకుండా, ఊరికే చూడటమే. ఇప్పుడు మందవెళిలో ఉదయం ఆరున్నర అయ్యేసరికి డాలస్‌లో, చలికాలమైతే, ముందురోజు సాయంత్రం ఏడు. అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి కుర్చీలో కూర్చుంటుంది, నేను ఇక్కడ కూర్చుంటాను, పావుగంట ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. అక్కడి గుడి మైకు నాకిక్కడ వినపడుతుంది. మీరూ ఇలా పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పటినుంచి డాలస్‌లో అది ఎనిమిది అవుతుంది. టైము మీరు మార్చుకోండి, అమ్మను మార్చుకోమనకండి.